రెండు చేతుల జ్వరం

"తగ్గింది" అన్నాడు తండ్రి, కూతురి నుదుటిమీంచి చెయ్యి తీస్తూ.

"ఏం తగ్గింది? ఒళ్ళు పెనంలా ఉంటే" అంది తల్లి, అతను చెయ్యి తీసిన చోటే తన చెయ్యి పెట్టి.

పిల్ల ఇద్దరి మొహాలూ చూసి కళ్ళు మూసుకుంది. వీధిలో లైట్లు వెలిగాయి. మరునాడు ఉదయమే పరీక్ష.

నెమ్ము చేసి మంచం పట్టకముందు ఆ పిల్ల ఆ మంచంమీద కుదురుగా కూర్చున్నది తక్కువ. ఒకచోట కాలు నిలవదనీ, ఎవరైనా ఒక మాటంటే తిరిగి నాలుగు కుట్టి పోతుందనీ మేనత్త దానికి కందిరీగ అని పేరు పెట్టింది. అదే అందరి నోటా నిలిచిపోయింది. ఇప్పుడు ఆ రొద లేదు. దగ్గు మాత్రం ఉంది. అదైనా దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని, పక్క గదికి వినపడకుండా దగ్గుతోంది.

డాక్టరమ్మ చెప్పిన మాట ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది. నెమ్ము తగ్గుముఖం పట్టింది. కానీ జ్వరం పూర్తిగా వదలకముందే తిప్పితే తిరగబెట్టవచ్చు, తిరగబెడితే ఆసుపత్రిలో చేర్చక తప్పదు. పరీక్ష రోజు పొద్దున జ్వరం నూటొకటి ఉంటే పిల్లని మంచం దింపవద్దు. నూరుకి దిగితే మాత్రం ఆలోచించుకోండి, మీ ఇష్టం. ఆవిడ అంతే చెప్పింది. ఆ "మీ ఇష్టం" అన్న మాట పట్టుకునే భార్యాభర్తలు వారం నుంచీ చెరోవైపు లాగుతున్నారు.

పరీక్ష పెద్ద బడిలో సీటు కోసం. ఆ బడి ఏడాదికి ఒక్కసారే పిల్లల్ని తీసుకుంటుంది. పదేళ్ళు దాటినవాళ్ళని పరీక్షకి కూర్చోనివ్వరు. కందిరీగకి ఇదే ఆఖరు ఏడాది. సీటు వస్తే అక్కడే ఉండి కాలేజీ దాకా చదువుకోవచ్చు. రాకపోతే ఇప్పుడు చదివే వీధి చివరి బడి ఎలాగూ ఉంది. ఆ బడి టీచరు స్వయంగా తండ్రి పనిచేసే బేకరీకి వచ్చి, ఇలాంటి పిల్లని నేను ఇంకో ఏడాది పట్టి ఉంచితే అన్యాయం చేసినట్టే అని చెప్పి వెళ్ళాడు. ఆ రోజు తండ్రి రెండు ట్రేల బన్నులు మాడబెట్టాడు.

అతను బేకరీలో పొయ్యి ముందు పనిచేస్తాడు. పరీక్ష అనేది రాసే వయసు వచ్చేలోపే అతన్ని పిండి బల్ల దగ్గర నిలబెట్టారు. అందుకు ఎవరిమీదా కోపం పెట్టుకోలేదు. కానీ కూతురు పెన్సిల్ చెక్కుకుని కూర్చుంటే ఆ పక్కనుంచి చప్పుడు చెయ్యకుండా నడుస్తాడు.

"థర్మామీటర్ తెచ్చారా?" అంది భార్య.

అతను జేబులు తడుముకున్నాడు. లేదని అతనికి ముందే తెలుసు.

"మర్చిపోయాను."

"నిన్నా మర్చిపోయారు. మొన్నా మర్చిపోయారు."

ఉన్న థర్మామీటర్‌ని కిందటి వారం మేనత్త మరిగే నీళ్ళలో వేసి కడిగింది. అది టప్పున పేలిపోయింది. పిల్ల నోట్లో పెట్టేది కడగకుండా ఎలా పెట్టమంటారు అని ఆవిడ ఇప్పటికీ తన తప్పేం లేదనే అంటుంది. ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో జ్వరం చూసేవి చేతులే.

"మందుల షాపు దాటుకునే వస్తారు కదా రోజూ" అంది భార్య.

"నువ్వు దాటుకుని రావా?"

ఆ మాట అనేశాక అతనికే ఏదోలా అయింది. ఆమె చేపలు నిలవచేసే ఐసు గోదాములో పనిచేస్తుంది. దాని గేటు ఎదురుగానే మందుల షాపు ఉంది. గేటు దాటి బయట కాలు పెడితే కనిపించేదే అది. ఆమె దుప్పటి అంచు సరిచేసి, సరిగ్గా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేసింది.

అప్పుడు అర్థమైంది అతనికి. తను ఎందుకు మర్చిపోతున్నాడో ఆమె కూడా అందుకే మర్చిపోతోంది. చేత్తో చూస్తే ఎవరికి కావలసిన జ్వరం వాళ్ళకి దొరుకుతుంది. ఆ గాజు పుల్ల తెచ్చి పెట్టాక ఇక మాట్లాడ్డానికి ఏమీ ఉండదు.

"ఇద్దరూ కాస్త బయటికి వచ్చి తిట్టుకోండి" అంది మేనత్త గుమ్మంలోంచి. "పిల్లకి పాలు పట్టాలి."

భోజనాల దగ్గర గిన్నెల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ మౌనం మేనత్తకి గిట్టదు. ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయనీ, రెండింట్లోనూ తనకి ఓటుందనీ, ఎవరు ముందు నవ్వితే ఆ ఓటు వాళ్ళకేననీ ప్రకటించింది. ఎవరూ నవ్వలేదు.

"ఓటు వృథా అయింది" అని ఆవిడే కంచం తీసింది.

అతను చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు. షాపువాడు షట్టరు సగం దించేశాడు. వంగి లోపలికి తొంగిచూసి థర్మామీటర్ అడిగాడు. మొన్న ఒకసారి వచ్చి షాపు ముందు నిలబడి, దగ్గు బిళ్ళలు కొనుక్కుని వెళ్ళింది మీరే కదా అన్నాడు షాపువాడు, కాగితంలో చుడుతూ. అతను కాదనలేదు.

తిరిగి వచ్చేసరికి భార్య వెనక వరండాలో గిన్నెలు తోముతోంది. పిల్ల మెలకువగానే ఉంది.

"నాన్నా, ఇలా రా" అంది. అతని చెయ్యి తనే లాక్కుని నుదుటిమీద పెట్టుకుంది. "చూడు, చల్లగా లేదూ?"

నిజమే, చల్లగానే తగిలింది. గుండె తేలికపడింది అతనికి. అయినా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు.

అది చూడగానే పిల్ల మొహం మారిపోయింది. "అదెందుకు? నీ చెయ్యి చాలు."

"ఒక్కసారి చూద్దాం తల్లీ."

"వద్దు నాన్నా. నువ్వు తగ్గిందన్నావుగా. అది చాలు నాకు."

మామూలుగా మందు చేదని గోల చేసే పిల్ల కాదు. ఇంజెక్షన్‌కి కూడా తనే భుజం చూపించింది. ఈ పుల్లకి ఇంత భయమెందుకో అతనికి అంతుబట్టలేదు. పక్కన కూర్చుని, నోరు తెరవమని బతిమాలి, నాలుక కింద పెట్టాడు. పెట్టినంతసేపూ పిల్ల పైకప్పు వంకే చూసింది.

తీసి లైటు కిందకి పట్టుకున్నాడు. ఆ గీత కనపడాలంటే పుల్లని అటూ ఇటూ తిప్పాలి. కనపడింది. నూటొకటి కాదు, దానికి ఇంకా పైన ఎక్కడో వెళ్ళి ఆగింది.

"నూట రెండు" అన్నాడు. "మరి చేతికి చల్లగా ఉందేమిటి?"

పిల్ల దుప్పట్లోంచి చెయ్యి తీసి అతని అరచేతిని గిల్లింది, ఆటగా.

"నీ చెయ్యే వేడి నాన్నా. ఎప్పుడూ అంతే. నీకు ఎవరైనా చల్లగానే ఉంటారు. అమ్మకి ఎవరైనా వేడిగానే ఉంటారు."

అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. కాయలు కాసి, చెక్కలా గట్టిపడిన చేతులు. పొయ్యిలోంచి ట్రేని గుడ్డ లేకుండా లాగితే బేకరీలో కుర్రాళ్ళు నోరు తెరుచుకుని చూస్తారు. భార్య పొద్దస్తమానం ఐసు గడ్డల మధ్య చేపలు ఎత్తుతుంది. ఇంటికొచ్చి ఇంతసేపైనా ఆమె వేళ్ళు కొంకర్లు పోయే ఉంటాయి. వారం రోజులుగా వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నది పిల్ల జ్వరం గురించి కాదు. ఎవరి చేతుల గురించి వాళ్ళు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

జ్వరం బాగా ఎక్కువగా ఉన్న రోజు తెలిసిందట. ఒళ్ళంతా మండిపోతుంటే నాన్న వచ్చి తగ్గిందన్నాడు, సంతోషంగా వెళ్ళి పుస్తకాలు సర్దాడు. అప్పటి నుంచీ సాయంత్రం అయ్యేసరికి ముందు నాన్ననే పిలుస్తోంది.

"మరి అత్తయ్య?"

"అత్తది మామూలు చెయ్యి. అందుకే ముట్టుకోనివ్వను."

నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి అతనికి. ఏదీ బయటికి రానివ్వకుండా మందు బిళ్ళ వేసి, నీళ్ళు తాగించి, తడిగుడ్డ నుదుటిమీద పరిచి వెనక వరండాలోకి వెళ్ళాడు.

భార్య తోమిన గిన్నెలు బోర్లిస్తోంది. అతను పక్కన కూర్చుని ఒక గిన్నె అందుకున్నాడు. అతను గిన్నె ముట్టుకోవడం చూసి ఆమెకి అనుమానం వచ్చింది.

"పంపొద్దు" అన్నాడు. "నువ్వన్నదే నిజం. నూట రెండు ఉంది."

తర్వాత జరిగిందంతా చెప్పాడు. చేతుల సంగతి, పిల్ల తనని ముందు పిలవడం, అత్తని దగ్గరికి రానివ్వకపోవడం. చెప్పడం పూర్తయ్యాక ఆమె గెలిచినట్టు ఒక మాట అంటుందని ఎదురుచూశాడు. అనడానికి ఆమెకి హక్కుంది కూడా.

ఆమె అనలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంది.

"అంత వెళ్ళాలనుందా దానికి" అంది చివరికి.

"అందుకే అంటున్నాను, వద్దని."

"అందుకే నేనంటున్నాను, పంపుదామని."

అతను గిన్నె కింద పెట్టేశాడు.

ఆ తర్వాతిదంతా పాత పోట్లాటే. కాకపోతే ఆమె మాటలు అతను, అతని మాటలు ఆమె తీసుకున్నారు. నెమ్ము తిరగబెడితే ఆసుపత్రి అని అతను. ఒక్క పూట కూర్చుని రాస్తే ఏమవుతుంది, బండి మాట్లాడతాను, గేటు దగ్గరే నిలబడతాను అని ఆమె. నిన్నటిదాకా పిల్లని చంపుతారా అన్నది నువ్వే కదా అని అతను. నిన్నటిదాకా అది మీకోసం వెళ్తానంటోందనుకున్నాను, తనకోసమని తెలియదు కదా అని ఆమె. గోడవతల పిల్ల ఉందని గుర్తొచ్చి ఇద్దరూ గొంతు తగ్గించారు. తగ్గించిన గొంతుతో ఇంకా గట్టిగా పోట్లాడారు.

మేనత్త చెత్తబుట్ట పట్టుకుని వచ్చి కాసేపు విన్నది.

"ఒరేయ్ తమ్ముడూ, నేను లోపలికెళ్ళి వచ్చేసరికి పార్టీలు మార్చేసుకున్నారా? ఇప్పుడు నా ఓటు ఎవరికెయ్యాలి?"

"నువ్వు లోపలికి పో అక్కా."

"పోతాను గానీ, ఒక్కటి చెప్పండి. ఇంత తెలివిగా మీ ఇద్దర్నీ వారం తిప్పింది కదా అది. పరీక్షలో ఏం అడిగితే దానికి రాదంటారు?"

అది పొగడ్తో ఎత్తిపొడుపో ఇద్దరికీ తెలియలేదు. ఎవరి దుప్పటి వాళ్ళు కప్పుకుని పడుకున్నారు. పిల్ల మంచానికి అటు ఒకరు, ఇటు ఒకరు.

తెల్లవారింది. మేనత్త లేచేసరికే తండ్రి థర్మామీటర్ పట్టుకుని లైటు కింద నిలబడి ఉన్నాడు.

"ఎంత?" అంది భార్య.

"నువ్వే చూడు."

ఆమె చూసింది. గీత నూరు దాటింది. నూటొకటికి చేరలేదు. డాక్టరమ్మ చెప్పిన రెండు మాటలకీ మధ్య, ఎటూ కాకుండా ఆగిపోయింది. ఇద్దరూ అంతగా భయపడిన పుల్ల కూడా చివరికి "మీ ఇష్టం" అనే అంది.

మేడ కింద బండి వచ్చి ఆగింది. భార్య తెల్లవారకముందే పక్కింటి డ్రైవరుతో మాట్లాడి ఉంచింది. పిల్లకి వెచ్చని చొక్కా తీసి మంచంమీద పెట్టింది. అతను ఆ చొక్కా తీసి మళ్ళీ అలమారలో పెట్టాడు. ఆమె మళ్ళీ తీసింది. చొక్కా ఒక్కటే అటూ ఇటూ తిరిగింది.

పిల్ల మంచంమీద లేచి కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని ఇదంతా చూస్తోంది. మొహం పీక్కుపోయి కళ్ళు పెద్దవిగా కనిపిస్తున్నాయి.

"నేను వెళ్తాను నాన్నా" అంది.

"నీకు తెలియదు తల్లీ. నువ్వు ఊరుకో."

"తెలుసు. నేను అంతా ఆలోచించాను."

ఏం ఆలోచించావు అని అడిగింది తల్లి, చొక్కా పట్టుకునే.

పిల్ల దగ్గు ఆపుకుని చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టు, తడుముకోకుండా.

"నేను వెళ్ళి, జ్వరం ఎక్కువైతే, నేను చెప్పలేదా అని అమ్మ నిన్ను అంటుంది. వెళ్ళకపోతే, నేను చెప్పలేదా అని నువ్వు అమ్మని అంటావు. పెద్దయ్యాక కూడా అంటారు. అమ్మ అంటే నువ్వు ఊరుకుంటావు. కాసేపు వీధిలోకి వెళ్ళి వచ్చేస్తావు. నువ్వంటే అమ్మ అన్నం తినదు. అందుకని వెళ్ళడమే మంచిదనుకున్నాను. కానీ రాత్రి మీరు మార్చేసుకున్నారు. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచీ ఆలోచించాలి."

గుమ్మంలో మేనత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆవిడకి మాట తట్టకపోవడం ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ చూడలేదు.

తండ్రి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. కూర్చుంటే అతని మొహం పిల్ల మొహానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. కూతురు చదువంటే ఎంత ఇష్టపడుతుందో తనకి తెలుసని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. పదేళ్ళ పిల్ల జ్వరంలో పడుకుని, లెక్కలూ పాఠాలూ కాకుండా, అమ్మ ఎప్పుడు అన్నం మానేస్తుంది, నాన్న ఎప్పుడు వీధిలోకి పోతాడు అని చదువుకుంటోందని తెలియలేదు.

"అవన్నీ పక్కన పెట్టు" అన్నాడు. "నేనూ వద్దు, అమ్మా వద్దు. నీకేం కావాలి?"

"నాకా?"

ఆ ప్రశ్న ఇంకెవరినో అడిగినట్టు అది వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"నీకే" అంది తల్లి. ఆమె కూడా వచ్చి అతని పక్కనే కూర్చుంది.

పిల్ల చాలాసేపు ఆలోచించింది. కింద డ్రైవరు హారన్ కొట్టాడు.

"మీరిద్దరూ చూస్తుంటే నాకు తెలియట్లేదు" అంది చివరికి. "కాసేపు బయటికెళ్ళండి. తలుపు దగ్గరికి వేస్తే చాలు. గడియ పెట్టనులే, భయపడకండి."

బయటికొచ్చారు. లోపల ఉండనిచ్చింది మేనత్తని ఒక్కదాన్నే, అది కూడా గోడ వైపు తిరిగి కూర్చోవాలన్న షరతుమీద. ఆవిడ మారు మాట్లాడకుండా తిరిగి కూర్చుంది.

మెట్లమీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అలా మెట్లమీద కూర్చోవడం ఇదే మొదటిసారి. పనికి పోయేవాళ్ళు వాళ్ళని దాటుకుంటూ దిగుతున్నారు. ఏమిటి, తాళంచెవి పోయిందా అని అడిగారొకరు. లేదు, పిల్ల ఆలోచించుకుంటోంది అంది భార్య. ఆ మనిషికి అర్థం కాకపోయినా తల ఊపి వెళ్ళిపోయాడు.

"అది ఏం చెప్పినా సరే" అన్నాడు అతను కొంతసేపటికి. "రేపు ఏం జరిగినా సరే. నేను చెప్పలేదా అన్న మాట మన నోట రాకూడదు."

"మీరు అనకపోతే నేనూ అనను."

"అలా షరతు పెడితే ఎలా?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉండిపోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి. రాత్రంతా నిద్రపోలేదని అతనికి అప్పుడు తెలిసింది.

"సరే" అంది. "మీరన్నా నేను అనను."

అతనూ సరేనన్నాడు. కింద డ్రైవరు ఇంజను ఆపేసి, బండి దిగి, పైకి చూస్తూ గడియారం చూపించాడు. కాస్త ఆగమని ఇద్దరూ ఒకేసారి చేత్తో సైగ చేశారు.

లోపల మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు. ఒక చిన్న దగ్గు, ఈసారి దుప్పటి అడ్డం లేకుండా. తలుపు తెరుచుకుంది.

పిల్ల గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వెనకాల మేనత్త ఇంకా గోడకేసే చూస్తోంది. పిల్ల మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"చెప్తాను" అంది. "కానీ చెప్పాక మీరిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకూడదు. నా మొహమే చూడాలి."

ఇద్దరూ లేచి నిలబడి, దాని మొహంలోకే చూశారు.